పిట్స్‌బర్గ్‌లో మన ఆదాయ వ్యయాలు

ఈమధ్య మా ఆఫీసులో అమెరికన్ల నోట తరచుగా వినబడుతున్న మాట ఒకటుంది. "రిటైరయ్యాక పోర్చుగల్ వెళ్ళిపోతాం, అక్కడైతే సగం ఖర్చుతో హాయిగా బతకొచ్చు" అని. ఒకరు లిస్బన్ అంటారు, ఒకరు పోర్టో అంటారు, ఇంకొకరు బుడాపెస్ట్‌లో అపార్ట్‌మెంట్ల ధరలు ప్రింటు తీసి మరీ చూపిస్తారు. వింటుంటే నాకు లోలోపల నవ్వొస్తుంది. ఈ లెక్కలు మన తెలుగువాళ్ళకి కొత్తా? మనం సముద్రం ఒకసారి దాటేశాం కాబట్టి ఇప్పుడు రాష్ట్రాలు దాటుతున్నాం, అంతే తేడా. న్యూజెర్సీ నుంచి నార్త్ కరోలినాకి, బే ఏరియా నుంచి టెక్సస్‌కి, చికాగో నుంచి కొలంబస్‌కి... "అక్కడ ఇళ్ళు చవకట" అన్న ఒక్క మాట పట్టుకుని సామాను సర్దుకున్న కుటుంబాలు మీకూ రెండు మూడు తెలిసే ఉంటాయి.

మేం అలా సర్దుకుని వచ్చిన ఊరు పిట్స్‌బర్గ్. 2011 వేసవిలో ఎడిసన్‌లో అద్దె అపార్ట్‌మెంటు ఖాళీ చేసి, ఏడాది వయసున్న అమ్మాయిని కారు సీట్లో కూర్చోబెట్టుకుని వచ్చాం. అప్పటినుంచి ఇక్కడే ఉన్నాం. "మేమూ అక్కడికి వచ్చేద్దామనుకుంటున్నాం, ఎలా ఉంటుందేంటి?" అని ఫోన్లు చేసేవాళ్ళు నెలకొకరైనా ఉంటారు. అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకసారి రాసి పెడితే నయమనిపించింది. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ప్రతి రాశికీ ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం అని నాలుగు అంకెలు చదువుతారు కదా! ఆ వరసలోనే చెప్తాను. అంకెలు మాత్రం సిద్ధాంతిగారివి కావు, మా ఇంటి చెక్కు పుస్తకంలోవి.

ముందుగా ఊరి జాతకం

ఏ ఊరైనా ఊరికే చవకగా ఉండదు. దానికో కారణం ఉంటుంది. ఇల్లు చూసేముందు ఆ కారణం చూడాలన్నది నా అభిప్రాయం.

పిట్స్‌బర్గ్ రెండు నదులు కలిసేచోట పుట్టింది. అలెఘనీ, మొనొంగహేలా నదులు ఇక్కడ కలిసి ఒహాయో నది అవుతాయి. చుట్టూ కొండలు, కొండల్లో బొగ్గు, సరుకు మోయడానికి నీళ్ళు. ఉక్కు పరిశ్రమకి ఇంతకంటే ఏం కావాలి? 1848లో స్కాట్లండ్ నుంచి పన్నెండేళ్ళ కుర్రవాడొకడు తల్లిదండ్రులతో ఇక్కడికి వలస వచ్చి, నూలు మిల్లులో వారానికి ఒక డాలరు ఇరవై సెంట్ల జీతానికి కుదిరాడు. అతనే ఆండ్రూ కార్నెగీ. 1901లో తన ఉక్కు కంపెనీని జె.పి. మోర్గాన్‌కి అమ్మేనాటికి దాని ధర 48 కోట్ల డాలర్లు. ఆయన వెనకాల తూర్పు ఐరోపా నుంచీ, ఇటలీ నుంచీ, అమెరికా దక్షిణాది నుంచీ వేలాదిమంది కూలీలు వచ్చి ఈ కొండల మీద ఇరుకు వీధుల్లో ఇళ్ళు కట్టుకున్నారు. 1950 జనాభా లెక్కల ప్రకారం నగరంలో 6,76,806 మంది ఉండేవారు.

తర్వాత ఉక్కు కూలిపోయింది. 1980ల మొదట్లో మిల్లులు వరసగా మూతబడ్డాయి. 1983 జనవరిలో ఈ ప్రాంతంలో నిరుద్యోగం 17 శాతం దాటింది. ప్రపంచ ప్రసిద్ధి పొందిన హోమ్‌స్టెడ్ మిల్లు 1986లో ఆగిపోయింది. ఇప్పుడు అక్కడ షాపింగ్ సెంటరూ సినిమా హాళ్ళూ ఉన్నాయి. పాత పొగగొట్టాలు పన్నెండు వరసగా గుర్తుకోసం నిలబెట్టి ఉంచారు. పనున్న చోటికి పడుచువాళ్ళు వెళ్ళిపోయారు, పెద్దవాళ్ళు మిగిలిపోయారు. 2020 లెక్కల్లో నగర జనాభా 3,02,971. అంటే ఏడు లక్షలమందికి కట్టిన ఊళ్ళో మూడు లక్షలమంది ఉంటున్నారన్నమాట. ఇళ్ళు చవగ్గా ఉండక ఏంచేస్తాయి?

మా పక్కింటాయన హోమ్‌స్టెడ్‌లో పనిచేసినవారే. ఎనభై దాటాయి. ముగ్గురు పిల్లలూ ఆ రోజుల్లోనే టెక్సస్‌కీ కరోలినాకీ వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. ఆదివారం సాయంత్రం వాళ్ళ ఫోన్లకోసం వరండాలో కూర్చుంటారు. మేం కొత్తగా వచ్చినప్పుడు మా ఆవిడ ఆయన్ని చూసి, "అచ్చం తెనాలిలో మావయ్యగారిలా ఉన్నారండీ" అంది. పోలిక ముఖంలో కాదని నాకప్పుడే అర్థమయింది.

ఆదాయం

మొదట ఇల్లు. ఎడిసన్‌లో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంటుకి నెలకి 1,400 డాలర్లు కట్టేవాళ్ళం. 2013లో ఇక్కడ మన్రోవిల్ దగ్గర నాలుగు బెడ్‌రూములు, వెనక తోట, కింద బేస్‌మెంటు ఉన్న ఇల్లు 1,92,000 డాలర్లకి వచ్చింది. అయిదోవంతు ముందు కట్టాం. మిగిలిన అప్పు వాయిదా, పన్నులు, ఇన్స్యూరెన్సు కలిపి మొదట్లో నెలకి 1,200 చిల్లర అయ్యేది. ఇప్పుడు ధరలు పెరిగాయి, అయినా తూర్పు తీరంతోనూ పడమటి తీరంతోనూ పోల్చుకుంటే ఈ ఊరు ఇంకా చవకే.

ఇక్కడి పాత ఇళ్ళకో ప్రత్యేకత ఉంది. బేస్‌మెంటులో గోడా తలుపూ ఏమీ లేకుండా, నడిమధ్యన ఒంటరిగా ఒక టాయిలెట్ ఉంటుంది. మిల్లునుంచి మసిబట్టలతో వచ్చిన కార్మికుడు పైకి ఎక్కకుండా కిందే శుభ్రం చేసుకునేందుకు పెట్టారంటారు. ఇల్లు చూపించిన ఏజెంటు దీన్ని గొప్ప సౌకర్యంగా వర్ణించాడు. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు చూసి, "పెరటి దొడ్డి ఇంట్లోకి తెచ్చుకున్నారేమిట్రా!" అని ముక్కున వేలేసుకుంది.

రెండోది పన్ను. పెన్సిల్వేనియాలో రాష్ట్ర ఆదాయపు పన్ను అందరికీ ఒకటే, 3.07 శాతం. దానికి తోడు స్థానిక సంపాదన పన్ను ఉంటుంది. పిట్స్‌బర్గ్ నగరం హద్దుల్లో ఉంటే 3 శాతం, చుట్టుపక్కల శివారు ఊళ్ళలో చాలాచోట్ల 1 శాతం. మనవాళ్ళు నగరంలో కాక మన్రోవిల్, క్రాన్‌బెర్రీ, వెక్స్‌ఫర్డ్, అప్పర్ సెయింట్ క్లెయిర్ లాంటిచోట్ల ఇళ్ళు కొనుక్కోడానికి స్కూళ్ళు ఒక కారణమైతే ఇదొక కారణం.

మూడోదాన్ని డాలర్లలో చెప్పలేను. హెచ్-4 వీసా మీద ఉన్నవాళ్ళకి పనిచేసే అనుమతి 2015 మే నెలదాకా లేదు. ఎమ్మెస్సీ చదివిన మా ఆవిడ అప్పటిదాకా ఇంట్లోనే ఉండాల్సి వచ్చింది. అదే ఎడిసన్‌లో అయితే ఒక్క జీతంతో ఇల్లు కొనడం మా వల్ల అయ్యేది కాదు. ఇక్కడ ఒక్క జీతంతో ఇల్లూ నడిచింది, తెనాలికి డబ్బూ వెళ్ళింది, కొంత వెనకా పడింది. 2015 చివర్లో ఆవిడకి ఒక ఆస్పత్రి బిల్లింగ్ విభాగంలో ఉద్యోగం వచ్చాక ఆ జీతం ముట్టుకోకుండా పక్కన పెట్టగలిగాం. చవక ఊరు నాకిచ్చిన అసలు ఆదాయం ఇదే. ఒక జీతం ఆగినా ఇల్లు ఆగదన్న ధైర్యం.

వ్యయం

ఇంటి ధరలో కనబడని ఖర్చులు చాలా ఉన్నాయి. ఈ కొండలకింద వందేళ్ళకి పైగా బొగ్గు తవ్వారు. పాత గనుల మీద కట్టిన ఇల్లు ఎప్పుడైనా కుంగితే మామూలు ఇంటి ఇన్స్యూరెన్సు వర్తించదు. దానికి రాష్ట్ర ప్రభుత్వమే విడిగా ఇన్స్యూరెన్సు అమ్ముతుంది. కొనేముందు మీ ఇంటికింద గని ఉందో లేదో మ్యాపు చూసుకోండి. పెన్సిల్వేనియా నేలలో రాడాన్ వాయువు ఎక్కువ, ఆ పరీక్ష చేయించుకోండి. పాత ఇంటినుంచి వీధిలోకి వెళ్ళే మురుగు గొట్టంలోకి కెమెరా పంపి చూపించమనండి. ఈ మూడూ చెయ్యకుండా సంతకం పెట్టకండి.

ఇంటిపన్ను సంగతి. మేం ఇల్లు కొన్న మర్నాటి ఏడాదే స్థానిక స్కూల్ డిస్ట్రిక్టు నుంచి ఉత్తరం వచ్చింది. కౌంటీ లెక్కలో మా ఇంటి విలువ 1,50,000. మేం అంతకంటే ఎక్కువ పెట్టి కొన్నాం కాబట్టి విలువ పెంచాలని వాళ్ళు అప్పీలు చేశారు. విచారణకి వెళ్ళాం, వాదించాం, ఓడిపోయాం. ఏడాదికి దాదాపు 1,200 డాలర్ల పన్ను పెరిగింది. అదే వీధిలో ముప్ఫయ్యేళ్ళుగా ఉన్నవాళ్ళకి మాత్రం పాత విలువే. ఇక్కడివాళ్ళు దీన్ని కొత్తవాళ్ళ పన్ను అంటారు.

ఇంకొకటి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. పెన్సిల్వేనియాలో వారసత్వపు పన్ను ఉంది. భార్యాభర్తల మధ్య ఏమీ లేదు గాని, పిల్లలకి వెళ్ళే ఆస్తిమీద 4.5 శాతం, తోబుట్టువులకి వెళితే 12 శాతం. ఎవరికైనా పెద్దమొత్తం కూడబెట్టి ఇక్కడే కన్నుమూసే ఉద్దేశం ఉంటే ముందుగా వకీలుతో మాట్లాడుకోవడం మంచిది.

ఇక కన్సల్టెంట్ల వ్యయం విమానాలు. ఒకప్పుడు పిట్స్‌బర్గ్ యు.ఎస్. ఎయిర్‌వేస్‌కి పెద్ద కూడలి. 2004లో ఆ కంపెనీ ఇక్కడి కూడలి ఎత్తేసింది. అప్పటినుంచి నేరుగా వెళ్ళే విమానాలు తగ్గిపోయాయి. సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి లేచి, షార్లెట్‌లోనో చికాగోలోనో విమానం మారి క్లయింటు దగ్గరికి చేరడం, గురువారం రాత్రి అలాగే తిరిగి రావడం. ఇలా ఆరేళ్ళు చేశాను. 2025 నవంబరులో మా ఎయిర్‌పోర్టుకి కొత్త టెర్మినల్ వచ్చింది. చాలా బాగుంది. హైదరాబాదు మాత్రం అంతే దూరం.

ఆ దూరం ఎంతో 2018 జనవరిలో తెలిసింది. నాన్నగారికి బాగాలేదని అన్నయ్య శుక్రవారం రాత్రి ఫోన్ చేశాడు. న్యూయార్క్ వెళ్ళాల్సిన చిన్న విమానం మంచువల్ల రద్దయింది. అక్కణ్ణుంచి వెళ్ళే పెద్ద విమానం అందుకోవాలని అద్దెకారు తీసుకుని టర్న్‌పైక్ మీద రాత్రంతా నడిపాను. దారిలో ఎడిసన్ బోర్డు కనబడింది. పాత ఇంట్లోనే ఉండి ఉంటే అక్కణ్ణుంచి ఎయిర్‌పోర్టు గంట ప్రయాణం. నేను చేరేసరికి ఆ విమానం వెళ్ళిపోయింది, తర్వాతది సాయంత్రం. దుబాయ్‌లో దిగి ఫోన్ ఆన్ చేసేసరికి అన్నయ్య మెసేజీ ఉంది. తెనాలి చేరేటప్పటికి నాన్నగారిని ఐస్ బాక్సులో ఉంచి నాకోసం ఎదురుచూస్తున్నారు. ముందు విమానం దొరికి ఉంటే చివరి చూపు దక్కేదేమో. ఈ ఖర్చు ఏ కాలిక్యులేటర్లోనూ రాదు.

అయితే ఈ కథకి రెండో సగం కూడా ఉంది. కర్మలయ్యాక అమ్మని ఒక్కదాన్నీ వదిలి రాలేకపోయాను. కంపెనీ జీతం లేని సెలవు ఇచ్చింది. ఏడు వారాలు అమ్మ దగ్గర ఉన్నాను. బ్యాంకు కాగితాలు, పెన్షన్ కాగితాలు, పొలం కౌలు సంగతులు చూశాను. రాత్రిపూట ఆవిడకి నిద్రపట్టేదాకా పక్కనే మంచంమీద కూర్చునేవాణ్ణి. ఆ ఏడు వారాలూ ఇక్కడ ఇంటి వాయిదా మా ఆవిడ జీతంలో తీరిపోయింది. ఆ సమయంలో నాతోపాటు ఎడిసన్‌లో ఉన్న స్నేహితులు, తండ్రి పోతే పదిరోజుల్లో వెనక్కి వచ్చేసినవాళ్ళు, "నీకు కుదిరిందిరా" అన్నారు. నిజమే, కుదిరింది. ఈ ఊరు నాకు కొన్ని గంటలు పోగొట్టింది, ఏడు వారాలు ఇచ్చింది. ఈ రెంటినీ ఒకదాన్లోంచి ఒకటి తీసేసి మిగులు చెప్పమంటే నా వల్ల కాదు.

రాజపూజ్యం

పిట్స్‌బర్గ్ గొప్ప చెప్పాలంటే మనవాళ్ళు కొండమీద గుడితో మొదలుపెట్టాలి. 1965 నాటి ఇమిగ్రేషన్ చట్టం తర్వాత వెస్టింగ్‌హౌస్ వంటి కంపెనీల్లో ఇంజనీర్లుగా, ఆస్పత్రుల్లో డాక్టర్లుగా వచ్చిన మొదటి తరంవాళ్ళు 1970లలో పెన్‌హిల్స్‌లో శ్రీ వేంకటేశ్వరాలయం కట్టారు. తిరుమల తిరుపతి దేవస్థానం తోడ్పాటుతో వెలసిన ఈ గుడి అమెరికాలో మన సంప్రదాయ పద్ధతిలో కట్టిన తొలి ఆలయాల్లో ఒకటి. ఆ రోజుల్లో న్యూజెర్సీ నుంచీ మిచిగన్ నుంచీ పిల్లల పుట్టువెంట్రుకలకి రాత్రంతా కారు నడుపుకుని వచ్చేవారని పెద్దలు చెప్తారు. ఇప్పుడు అన్ని ఊళ్ళలోనూ గుళ్ళు వచ్చాయి. కానీ చలికాలపు తెల్లవారుజామున మంచుకొండ మీద తెల్లని గోపురం చూసి, మెట్లెక్కి, సుప్రభాతం విని, కింద క్యాంటీన్లో పులిహోర, దద్ధోజనం తిన్న అనుభవం ఇక్కడికొస్తేగాని అర్థం కాదు. మా ఇంటినుంచి పది నిమిషాలు.

రెండోది చదువు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ఇక్కడే ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు 1969లో అక్కడ చేరి, 1979లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కి తొలి డైరెక్టరై, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. కంప్యూటర్ శాస్త్రంలో దానికి మించిన గౌరవం లేదు. ఉక్కు పోయినచోట ఈ ఊరు మళ్ళీ లేచి నిలబడిందంటే ఆ యూనివర్సిటీ, ఆస్పత్రులే ఆధారం. డ్రైవరు లేని కార్లమీద ఇక్కడ జరిగిన పని అంతా ఆ విత్తనంలోంచి మొలిచిందే. ఆ పక్కనే పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ ఉంది. జోనాస్ సాక్ పోలియో టీకా తయారు చేసింది అక్కడే. దాని 42 అంతస్తుల కెథెడ్రల్ ఆఫ్ లెర్నింగ్ భవనంలో దేశానికొక తరగతి గది చొప్పున అలంకరించారు. మన దేశం గది నలందా విశ్వవిద్యాలయం తరహాలో 2000లో ప్రారంభమయింది. అమ్మ వచ్చినప్పుడల్లా ఒకసారి చూడందే ఊరుకోదు.

మూడోది చిన్న ఊరి చనువు. పెద్ద ఊళ్ళలో సంక్రాంతి సంబరాల్లో పిల్లలకి స్టేజీ ఎక్కే అవకాశం రావాలంటే మూడునెలల ముందునుంచీ సిఫార్సులు కావాలి. ఇక్కడ పిల్లలే తక్కువ. మా అమ్మాయి ఒకే సాయంత్రం గోపికా వేసింది, హరిదాసూ వేసింది. ఎవరింట్లో సీమంతమైనా అందరం వెళ్తాం, ఎవరింట్లో జ్వరమొచ్చినా రసం క్యారేజీ చేరిపోతుంది. పక్కింటి పెద్దాయనకి ఆవకాయ అలవాటయింది. ఆయన మమ్మల్ని "యిన్జ్" అని పిలుస్తారు. ఇంగ్లీషులో మీరు ఒక్కరేనా, ఇంటిల్లిపాదీనా అన్న తేడా లేదు కదా, ఈ ఊరివాళ్ళు ఆ లోటు తీర్చుకోడానికి కనిపెట్టుకున్న మాట అది. మన "మీరంతా"కి సరిగ్గా సరిపోతుంది.

అవమానం

ఆకాశంతో మొదలుపెడతాను. ఏడాదిలో రెండువందల రోజులకి పైగా ఇక్కడ మబ్బే. నవంబరులో కప్పిన బూడిదరంగు దుప్పటి ఏప్రిల్లోగాని తియ్యరు. గుంటూరు ఎండలో పెరిగిన ఒంటికి విటమిన్ డి మాత్రలు తప్పవు. కొత్తగా వచ్చిన ఆడవాళ్ళు, ముఖ్యంగా వీసా కారణంగా ఇంట్లో ఉండిపోయినవాళ్ళు, మొదటి చలికాలంలో చాలా దిగులుపడతారు. మా ఆవిడా పడింది. ఇంటి ధర చూసి సంబరపడే మొగుళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదవాలని మనవి.

గాలి. క్లెయిర్టన్‌లో కోక్ తయారుచేసే పెద్ద కర్మాగారం ఇంకా నడుస్తోంది. గాలి కదలని పొద్దుల్లో లోయ ఊళ్ళలో కుళ్ళిన కోడిగుడ్ల వాసన వస్తుంది. 2025 ఆగస్టులో అక్కడ జరిగిన పేలుడులో ఇద్దరు కార్మికులు చనిపోయారు. ఇల్లు కొనేముందు పొద్దున్నే ఒకసారి వెళ్ళి గాలి పీల్చి చూడండి.

చెప్పక తప్పనిది మరొకటి. 2000 ఏప్రిల్ 28న ఇక్కడి శివార్లలో జాతిద్వేషంతో ఒకడు తుపాకీతో తిరిగి అయిదుగుర్ని చంపాడు. మనవాళ్ళ కిరాణా కొట్టుకూడా అతను వెళ్ళిన చోట్లలో ఒకటి. 2018 అక్టోబరు 27న స్క్విరిల్ హిల్‌లో యూదుల ప్రార్థనా మందిరంలో పదకొండుమందిని చంపారు. ఆ వారం జరిగిన సంతాప సభలకి మా గుడివాళ్ళతోపాటు మేమూ వెళ్ళాం. ఇలాంటివి అమెరికాలో ఎక్కడైనా జరగొచ్చు, నిజమే. కానీ మనవాళ్ళు తక్కువగా ఉన్న ఊళ్ళో జరిగితే ఆ రాత్రి మరీ ఒంటరిగా అనిపిస్తుంది.

అరవై రోజుల గడువు

ఇన్ని చెప్పినా అసలు విషయం ఇంకా మిగిలే ఉంది. ఫోన్ చేసినవాళ్ళని నేను మొదట అడిగే ప్రశ్న జీతం గురించి కాదు. "మీ కాగితాలు ఎక్కడదాకా వచ్చాయి?" అని.

2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, హెచ్-1బి మీద ఉన్నవాళ్ళ ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆలోగా ఇంకో కంపెనీ మనకోసం పిటిషన్ వెయ్యాలి, లేకపోతే వీసా మార్చుకోవాలి, లేకపోతే దేశం వదలాలి. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో అరవై రోజుల్లో ఇరవై ఇంటర్వ్యూలు దొరుకుతాయి. ఇల్లు కదలక్కర్లేదు, పిల్లల స్కూలు మారక్కర్లేదు. పిట్స్‌బర్గ్‌లో మన రంగంలో పెద్ద ఉద్యోగాలిచ్చేవి రెండు మూడు బ్యాంకులు, ఆస్పత్రులు, ఇన్స్యూరెన్సు కంపెనీలు, యూనివర్సిటీ చుట్టూ పెరిగిన కొన్ని కంపెనీలు. వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. 2022 అక్టోబరులో డ్రైవరు లేని కార్ల కంపెనీ ఆర్గో ఏఐ ఒక్కసారిగా మూతబడితే ఊరంతా ఉలిక్కిపడింది. రెండు వేలమంది దాకా పనిచేసిన సంస్థ అది.

ఆ తర్వాతి ఏడాది నాకు బాగా దగ్గరివాళ్ళ కుటుంబమొకటి ఈ గడువులో చిక్కుకుంది. ఆయన ఆర్గోలో కాదు, వేరేచోట పనిచేసేవారు. పన్నెండేళ్ళుగా ఈ దేశంలో ఉన్నా గ్రీన్ కార్డు వరసలోనే ఉన్నారు. ఏ దేశానికైనా ఏడాదికి 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమంవల్ల మనవాళ్ళ వరస ఎంత పొడుగో మీకు చెప్పక్కర్లేదు. ఇల్లు చవక, వాయిదా తక్కువ, బ్యాంకులో ఏడాదికి సరిపడా డబ్బు ఉంది. ఏం లాభం? డబ్బు ఏడాది ఆగుతుందిగాని, వీసా రెండు నెలలే ఆగుతుంది. యాభై రెండో రోజున డాలస్‌లో ఒక కంపెనీ పిటిషన్ వేసింది. పెద్దబ్బాయి హైస్కూలు మధ్యలో ఆపి వెళ్ళాడు. ఇల్లు తొందరలో తక్కువకి అమ్ముకున్నారు. వాళ్ళ తులసికోట ఇప్పుడు మా పెరట్లో ఉంది.

మాకు 2021లో గ్రీన్ కార్డు వచ్చింది. అప్పటినుంచే ఈ చవక ఊరు మాకు పూర్తిగా చవకయింది. ఉద్యోగం పోయినా ఇక్కడే ఉండి ఆర్నెల్లు వెతుక్కోవచ్చు. నా దృష్టిలో చవక ఊరు అమ్మేది ఇల్లు కాదు, వ్యవధి. కష్టం వచ్చినప్పుడు కాస్త నిలబడి ఊపిరి పీల్చుకునే వ్యవధి. వీసా గడువు చేతిలో ఉన్నవాళ్ళు ఆ వ్యవధిని కొనగలరు గాని వాడుకోలేరు.

అందుకే అడిగినవాళ్ళకి ఇలా చెప్తున్నాను. గ్రీన్ కార్డు చేతికొచ్చినవాళ్ళు, ఇంట్లో ఇద్దరికీ వేరువేరు కంపెనీల్లో ఉద్యోగాలున్నవాళ్ళు, డాక్టర్లు, ప్రొఫెసర్లు కళ్ళు మూసుకుని రావచ్చు. హెచ్-1బి మీద ఒక్క జీతంతో ఉన్నవాళ్ళు రావాలనుకుంటే రండి, కానీ అద్దెకుండండి. ఈ ఊళ్ళో అద్దెకూడా చవకే. మీ రంగంలో ఇక్కడ కనీసం అయిదు కంపెనీల పేర్లు మీరే రాయగలిగితే అప్పుడు ఇల్లు చూసుకోండి. 2020 తర్వాత ఇంటినుంచి పని అన్న భరోసామీద చవక ఊళ్ళకి వచ్చినవాళ్ళని కంపెనీలు మళ్ళీ ఆఫీసుకి రమ్మంటున్నాయి, అదీ గుర్తుంచుకోండి. ఇండియాలో ఒంటరిగా ఉన్న తల్లిదండ్రులుంటే, ఇంటి ధరతోపాటు ఎయిర్‌పోర్టు దూరంకూడా భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకోండి.

మా అమ్మాయికి ఇప్పుడు పదిహేను. కాలేజీకి కాలిఫోర్నియా అంటోంది. పక్కింటి పెద్దాయన విని, "అందరూ అలాగే అంటారు" అని నవ్వారు. ఏ ఊరైనా పిల్లల్ని శాశ్వతంగా కట్టిపడేస్తుందని తెనాలినుంచి వచ్చిన నేనెలా అనగలను?

రావాలా వద్దా అని ఇంకా తేలకపోతే ఒక వారాంతం వచ్చి చూడండి. ఫిబ్రవరిలో రండి, జూన్‌లో కాదు. జూన్‌లో ఏ ఊరైనా అందంగానే ఉంటుంది. కొండమీద దర్శనం చేసుకుని, పులిహోర తిని, మబ్బుకింద ఈ లోయ మొత్తం ఒకసారి చూడండి. అప్పటికీ నచ్చితే, ముందు ఇంటికింద గని మ్యాపు చూసుకుని, తర్వాత మాకు ఫోన్ చెయ్యండి.